మా మేడమ్ ఆడిన అబద్ధం

మేడమ్ పోయారని పోయిన నెలలో వాళ్ళ చెల్లెలి కూతురు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున లేచి కాఫీ అడిగారట. కలిపి తెచ్చేసరికి కుర్చీలోనే తల వాల్చేసి ఉన్నారట. "నాకేమన్నా అయితే ముందు మీకే చెప్పమని పెద్దమ్మ ఎప్పుడో చెప్పి పెట్టిందండీ" అంది ఆ అమ్మాయి. అటు తను ఏడుస్తోంది. 

గుంటూరు వెళ్ళాను. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే నా వెనక బెంచీలో మా కాలేజీలో పనిచేసి రిటైరైన ఇద్దరు కూర్చున్నారు. గొంతు తగ్గించే మాట్లాడుకున్నారు గానీ నాకు వినపడింది.

"మంచి మనిషండీ, పాపం."

"మంచిదే. ఆ రక్తం ట్యూబులు కలిపేసుకోకపోతే ఎక్కడో ఉండాల్సింది. చిన్న అజాగ్రత్త. ఆ సిగ్గుతో మళ్ళీ తలెత్తుకోలేకపోయింది."

నేను వెనక్కి తిరగలేదు. మేడమ్ సిగ్గుపడిన మాట నిజమే. అంతగా సిగ్గుపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కానీ ట్యూబులు కలవలేదు. వాటి మీద పేర్లు రాసింది నేను. ఆవిడ సిగ్గుపడింది వేరే దానికి. అదేమిటో చెప్పటానికే ఇది రాస్తున్నాను. ఇందులోని ముసలివాళ్ళు ముగ్గురూ వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆ ఊరి పేరు రాయను. గుర్తుపట్టే వీలున్న సంగతులు కొన్ని మార్చాను కూడా. మేడమ్ ఉండుంటే ఇంత మాత్రం కూడా వద్దనేవారేమో.

ఎనభైల్లో ఆవిడ గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో జువాలజీ లెక్చరర్. బ్రాడీపేటలో ఒక మేడ మీద రెండు గదుల వాటాలో ఒక్కరే ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. నాన్నగారు మిషన్ బడిలో పంతులు. నాయనమ్మ పొగాకు చేలల్లో కూలికి వెళ్ళేది. ఇలాంటి సంగతి చాలామంది దాచుకుంటారు. ఆవిడ దానితోనే పాఠం మొదలుపెట్టేవారు. "మా నాయనమ్మ వేళ్ళు పోయేదాకా పొగాకు బంకతో నల్లగానే ఉండేవి. పని చేస్తే వచ్చిన నలుపు పిల్లలకి రాదు. అందుకే నా వేళ్ళు ఇలా ఉన్నాయి" అని సుద్దముక్క పట్టుకున్న చెయ్యి పైకెత్తి చూపించేవారు. వారసత్వమంటే ఏమిటో మాలో ఎవరమూ ఆ తర్వాత మర్చిపోలేదు.

ప్రశ్న అడిగినప్పుడు ఎవరైనా లేచి "తెలీదు మేడమ్" అంటే ఆవిడ మొహం విప్పారేది. "హమ్మయ్య, తెలీదని చెప్పేవాళ్ళు ఒకరు దొరికారు. అక్కణ్ణుంచి మొదలుపెడదాం" అనేవారు.

ఆవిడ తన పరిశోధనకి పట్టుకున్న విషయం మనిషి ఆయుష్షు. కొన్ని ఇళ్ళల్లో అందరూ తొంభై దాకా ఎందుకుంటారు, పక్కింట్లో అరవైకే ఎందుకు వెళ్ళిపోతారు? అది అమ్మానాన్నల నుంచి రక్తంలో వచ్చేదేనా? డాక్టరేట్‌కి రిజిస్టర్ చేసుకుని, సెలవుల్లో పల్నాడు వైపూ ఒంగోలు వైపూ ఊళ్ళు తిరిగేవారు. ఎమ్మెస్సీ అయ్యాక నేను ఆవిడకి సాయంగా చేరాను.

ఆ పనిలో ఏదీ తిన్నగా సాగేది కాదు. "పళ్ళ ఈగల మీద పెట్టుకుంటే వేసవి సెలవుల్లోనే ముత్తాత నుంచి మునిమనవడి దాకా చూడొచ్చు. మనుషుల మీద పెట్టుకున్నాం కదా, మనం పోయాక కూడా వీళ్ళు ఉండేట్టున్నారు" అని నవ్వేవారు. ముందు అసలు వయసు తెలియాలి. పుట్టిన తేదీ రాసి పెట్టుకున్న ఇల్లు ఒక్కటీ ఉండేది కాదు. డెబ్భై దాటాక ప్రతి ముసలాయనా ఏడాదికి రెండేళ్ళు పెరుగుతాడు. పైగా మేనరికాలు. ఎవరు ఎవరికి రెండు వైపులా చుట్టమో రాసుకునేసరికి కాగితం సాలెగూడులా అయ్యేది. ఇక పోల్చి చూడాలంటే, ఆ ముసలివాళ్ళతో పాటు పుట్టి తొందరగా పోయినవాళ్ళ రక్తం కావాలి. "లేనివాళ్ళ రక్తం ఎక్కడి నుంచి తెచ్చేది?" అనేవారు.

అన్నిటికంటే ఆవిడని వేధించిన ప్రశ్న ఒకటుంది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒకే పొయ్యి మీద వండింది తింటారు, ఒకే బావి నీళ్ళు తాగుతారు, ఒకే చేలో వంగి పనిచేస్తారు. అందరూ ఎక్కువ కాలం బతికితే, ఆ ఆయుష్షు రక్తంలో నుంచి వచ్చిందో కంచంలో నుంచి వచ్చిందో ఎలా విడదీయాలి? బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇదే మాట ఆలోచిస్తూ ఉండేవారు.

బ్రాడీపేటలో కంటి డాక్టరు ఒకాయన ఆ ఇంటి సంగతి చెప్పాడు. శుక్లం ఆపరేషన్‌కి వచ్చిన ఒక ముసలి రైతు, ఇంటి దగ్గర తన అక్క ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తుందని గొప్పగా చెప్పుకున్నాడట. మిరపనాట్లు అయిపోయిన రోజుల్లో మేమిద్దరం ఆ ఊరు వెళ్ళాం. అక్క, ఇద్దరు తమ్ముళ్ళు. ముగ్గురూ ఒకే ఇంట్లో. అక్కకి చిన్నప్పుడే పెళ్ళి చేస్తే, కాపరానికి వెళ్ళకుండానే ఆ పిల్లాడు పోయాడు. అప్పటి నుంచీ పుట్టింట్లోనే ఉండి తమ్ముళ్ళనీ, వాళ్ళ పిల్లలనీ, ఆ పిల్లల పిల్లలనీ పెంచింది.

మేం వెళ్ళేసరికి వసారాలో బొంత కుడుతోంది. పెద్ద తమ్ముడు మమ్మల్ని చూడగానే గట్టిగా, "మా అక్కకి నూటపదమ్మా!" అన్నాడు.

అక్క సూది ఆపింది. "ఏరా, నాకు నూటపదైతే నీకు నూట రెండన్నా రావాల. పళ్ళన్నీ నోట్లో పెట్టుకుని నూట రెండంటే నిన్నెవడు నమ్ముతాడు?"

మేడమ్ కింద చాప మీద కూర్చుని మెల్లగా అడిగారు. "రైలు కట్టకి మట్టి పోసేటప్పుడు మీరెంత ఉండేవారండీ?"

"ఓణీ వేసుకుంటన్నా."

"అప్పుడు మీ తమ్ముళ్ళు?"

"వీడు తూనీగల ఎంట పరిగెత్తేవాడు. చిన్నోడు నా సంకలో ఉన్నాడు. వాణ్ణి ఎత్తుకునే రైలు చూడబోయా. కూతెయ్యంగానే నా మీద పోశాడు."

చిన్న తమ్ముడు, ఎనభై దాటిన మనిషి, సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడు. అలా అడిగి అడిగి మేడమ్ అక్కకి తొంభైకి పైన అని తేల్చారు. నూటపది కాస్తా తొంభై అయ్యేసరికి పెద్ద తమ్ముడి మొహం చిన్నబోయింది.

మాటల మధ్యలో పెద్ద కోడలు "మీరేవిట్లు?" అని మా కులాలు అడిగింది. తాను క్రైస్తవురాలినని మేడమ్ చెప్పారు, నా కులం నేను చెప్పాను. కాసేపటికి కాఫీ వచ్చింది. నాకు స్టీలు గ్లాసులో, మేడమ్‌కి అంచు పగిలిన గాజు గ్లాసులో. నేను నా గ్లాసు కింద పెట్టేశాను. మేడమ్ తాగేసి, తొట్టి దగ్గరికి వెళ్ళి గ్లాసు తనే కడిగి గోడ మీద బోర్లించి వచ్చారు. అక్క అది చూసింది. "ఇంట్లో మంచి గ్లాసులు లేవంటే?" అని కోడల్ని కసిరింది. కోడలు లోపలికి వెళ్ళిపోయింది.

రక్తం తీస్తుంటే అక్క చెయ్యి చాపి, "తీసుకో తల్లీ. ఇంకేం చేసుకుంటా దీన్ని" అంది. మూడు ట్యూబుల మీద ప్లాస్టరు ముక్కలు అంటించి "అక్క", "పెద్ద", "చిన్న" అని నేను రాశాను. ఆ రక్తం ఐసులో పెడితే పనికిరాదు, ఎండ తగిలినా పనికిరాదు. తడిగుడ్డ చుట్టిన ఫ్లాస్కుని ఒళ్ళో పెట్టుకుని మేడమ్ గుంటూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి మద్రాసు రైలెక్కారు. తెల్లకణాల మీది గుర్తులు చూసే లాబ్ అక్కడుంది.

ఫలితాలు వచ్చిన రోజున మేడమ్ వరండాలో పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆవిడ పరిగెత్తటం అదే మొదటిసారి చూశాను. ఖాళీ క్లాసులోకి లాక్కెళ్ళి బోర్డు మీద గీతలు గీశారు. తల్లి దగ్గర రెండు వరసల గుర్తులు, తండ్రి దగ్గర రెండు. ఎంతమంది పిల్లలు పుట్టినా ఆ నాలుగింటిలో నుంచే పంచుకోవాలి. తమ్ముళ్ళిద్దరి దగ్గరా కలిపి ఆ నాలుగూ దొరికాయి. అక్క దగ్గరున్న రెండూ ఆ నాలుగింటిలో లేవు.

"అర్థమైందా? ఆవిడ వాళ్ళ అమ్మానాన్నలకి పుట్టలేదు. కానీ ఆ ఇంటి కంచమే, ఆ ఇంటి బావే. అందరికంటే పెద్దది, అందరికంటే గట్టిగా ఉంది. ఇన్నాళ్ళూ రక్తాన్నీ కంచాన్నీ విడదీయలేక చస్తున్నానా, ఎవరో ముందే విడదీసి పెట్టారు మన కోసం!"

సుద్దపొడి చీరంతా పడింది. దులుపుకోలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆవిడ మొహంలో ఆ వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఆదివారమే ఊరెళ్ళాం. పత్తి తీతలు సాగుతున్నాయి. వసారాలో పత్తి పోగు పోసి, చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు పుచ్చు ఏరుతున్నారు. బత్తాయిల సంచి పెద్ద తమ్ముడి చేతికిచ్చి, కూర్చోకుండానే మేడమ్ అడిగారు.

"మీ అక్కగారిని మీ అమ్మానాన్నలు పెంచుకున్నారాండీ?"

ఆయనకి అర్థం కాలేదు. "పెంచుకోటవేంటమ్మా?"

"రక్తంలో తేడా వచ్చిందండీ. ఆవిడ మీకు తోడబుట్టిన మనిషి కాదు. ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో మీకేమన్నా తెలుసేమోనని..."

పత్తి ఏరుతున్న చేతులు ఆగిపోయాయి. పెద్ద కోడలు తలెత్తి గుమ్మం వైపు చూసింది. మేమూ చూశాం. గుమ్మంలో అక్క నిలబడి ఉంది, మా కోసం మజ్జిగ చెంబు పట్టుకుని.  చెంబు గడప మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

 బస్సులో మేడమ్, "అలా అడక్కూడదేమో కదూ?" అన్నారు. 

కొన్నాళ్ళకి పెద్ద తమ్ముడు కాలేజీకి వచ్చాడు. ఆ వయసులో ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. స్టాఫ్‌రూమ్ బయట నిలబడి, లోపల అందరికీ వినపడేట్టు, "ఏమ్మా, నువ్వు చేసిన పనేంటి?" అన్నాడు. మేడమ్ ఆయన్ని లాబ్‌లోకి తీసుకొచ్చి కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు.

"మా అక్క గొడ్ల చావిట్లో మంచం ఏసుకుంది. ఇంట్లోకి రమ్మంటే రానంటంది. నా కులం ఏందో తెలవకుండా మీ వంటింట్లోకి ఎట్టా రానురా అంటంది."

"కోడళ్ళు ఏమన్నా అన్నారాండీ?"

"అన్లేదు. ఆ సాయంత్రం పెద్ద కోడలు కంచం ఇడిగా పెట్టింది. నీళ్ళు పైనుంచి పోసింది. నేను చూశా. కొట్టబోయా. మా అక్కే అడ్డమొచ్చింది, దాని తప్పేం లేదురా అని." ఆయన బల్ల దగ్గరికి జరిగాడు. "మా అమ్మకి పాలు చాలకపోతే అది మేకని పట్టుకొచ్చి పిండి నాకు పట్టింది. అది నాకేమీ కాదా? మళ్ళీ తియ్యి రక్తం. నాది ఎంత కావాలంటే అంత తియ్యి. అది నా అక్కే అని తేలేదాకా తియ్యి."

ఆయన చొక్కా చెయ్యి మడిచి బల్ల మీద పెట్టాడు. మేడమ్ ఆ చేతిని చూస్తూ నిలబడ్డారు. చివరికి, "మీరు వెళ్ళండి. నేనే ఊరికొచ్చి మాట్లాడతాను" అన్నారు.

ఆయన వెళ్ళాక ఆవిడ స్టూలు మీద కూలబడ్డారు. "మా నాయనమ్మకి దోసిట్లో పోసేవాళ్ళు నీళ్ళు. చేయి తగలకుండా, పైనుంచి. నేను కొంగు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. ఆ నీళ్ళు మోచేతుల మీదుగా కారేవి. చదువుకున్నాను, ఇక మా ఇంట్లో ఎవరికీ ఆ గతి పట్టదనుకున్నాను. ఇప్పుడు తొంభై ఏళ్ళ మనిషికి నేను పోయించాను." అని రెండు చేతులతో మొహం కప్పుకున్నారు.

మళ్ళీ రక్తం తీసి ఉపయోగం లేదని మా ఇద్దరికీ తెలుసు. ఎన్నిసార్లు చూసినా అదే వస్తుంది. ఆవిడ అక్కడికెళ్ళి ఏం చెప్పబోతున్నారో నాకు ముందు చెప్పలేదు.

వసారాలో ఇంటివాళ్ళంతా ఉన్నారు. ఇరుగుపొరుగు కూడా వచ్చి నిలబడ్డారు. మేడమ్ మెట్ల దగ్గరే ఆగి, చేతులు జోడించి, అందరికీ వినపడేట్టు చెప్పారు.

"తప్పు నాది. ట్యూబులు మారిపోయాయి. అక్కగారిదనుకుని నేను చూసింది వేరే ఊరి ఆవిడ రక్తం. అక్కగారు వీళ్ళ తోడబుట్టిన మనిషే. లేనిపోని మాట అని మీ ఇంట్లో చిచ్చుపెట్టాను. నన్ను క్షమించండి."

నేను నోరు తెరిచాను. ఆవిడ నా వైపు చూడకుండానే నా మణికట్టు పట్టుకున్నారు.

పెద్ద తమ్ముడి కొడుకు లేచాడు. "ఇంత చదువు చదివి సీసాల మీద పేర్లు రాసుకోటం చేతకాదా? ముసల్దాన్ని చంపినంత పని చేశారే! ఎవరు రాశారా పేర్లు?" అన్నాడు. అతని చూపు నా మీదికి తిరిగింది. ఆ రోజు నేను రాస్తుంటే అతను పక్కనే ఉన్నాడు.

"ఈ అమ్మాయి సరిగ్గానే రాసింది. నేనే మద్రాసులో కలిపేశాను" అన్నారు మేడమ్.

అతను చాలా మాటలన్నాడు. మీలాంటోళ్ళని గడప తొక్కనియ్యటమే తప్పన్నాడు. ఆ "మీలాంటోళ్ళు" అన్న మాటకి అర్థం అక్కడున్న అందరికీ తెలుసు. మేడమ్ తల దించుకుని అంతా విన్నారు.  పెద్ద తమ్ముడు మాత్రం తలపాగా గుడ్డతో కళ్ళు ఒత్తుకుని, "చెప్పానా? నేను చెప్పానా లేదా?" అని అందరి మొహాల్లోకీ చూస్తున్నాడు.

అక్కని తీసుకురావటానికి మేడమ్ చావిట్లోకి వెళ్ళారు. నేను వెనకే ఉన్నాను. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. మాటలన్నీ వినపడ్డట్టున్నాయి. మేడమ్ ఎదురుగా నేల మీద కూర్చుంటే, ఆవిడ మెల్లగా అంది.

"మా అమ్మ పొయ్యేముందు నాకు చెప్పిందమ్మా. కరువొచ్చిన ఏడు, చేలో గట్టు మీద గుడ్డలో చుట్టి ఉన్నానంట. ఎవరు పెట్టిపోయారో తెలవదు. తమ్ముళ్ళకి చెప్పొద్దని చేతిలో చెయ్యేయించుకుంది. వాళ్ళు పొయ్యాకన్నా, నేను పొయ్యాకన్నా ఇది కూడా పోద్ది అనుకున్నా."

మేడమ్ తల దించుకున్నారు.

"నువ్వు ఇప్పుడు నా కోసరం అబద్ధం ఆడావు. అది నాకొక్కదానికే తెలుసు. నీ రుణం ఉంచుకోను, ఇంట్లోకి పోతాలే." ఆవిడ మంచం దిగింది. దిగి, మేడమ్ గడ్డం పట్టుకుని పైకెత్తింది. గొంతులో కోపమేమీ లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "మరి ముందు ఎందుకడిగావమ్మా?"

 అక్క చేతికర్ర పట్టుకుని ఇంట్లోకి వెళ్ళింది. గుమ్మంలో పెద్ద కోడలు పక్కకి తప్పుకుని దారిచ్చింది.

ఆ అబద్ధం ఊళ్ళో ఆగలేదు. కంటి డాక్టరు దగ్గరికీ, అక్కణ్ణుంచి మా కాలేజీకీ, చివరికి మేడమ్ గైడు దాకా వచ్చింది. ఆయన పిలిచి అడిగారు. మేడమ్ ఔనన్నారు. ఒక ఊరి ట్యూబులు కలిసిపోతే మిగతా ఊళ్ళవి కలవలేదని నమ్మకమేమిటి అన్నారాయన. ఆ మాట న్యాయమే. అన్నాళ్ళూ మేం మోసుకొచ్చిన రక్తమంతా లెక్కలోకి రాకుండా పోయింది. డాక్టరేట్ ఆగిపోయింది. కాలేజీలో వెనక నుంచి "ట్యూబుల మేడమ్" అనటం మొదలుపెట్టారు.

గైడుగారికి ఒక్కరికే నిజం చెబుతానని నేను బతిమాలాను. మేడమ్ ఒప్పుకోలేదు. "చెబితే ఆయన ఊరుకోలేడు. నేనైనా ఊరుకోలేను, అంత మంచి ఫలితం అది. వ్యాసం రాస్తాడు. ఫలానా ప్రాంతం, ఫలానా కుటుంబం అని ఉంటుంది అందులో. ఆ ఇంట్లో కాలేజీకెళ్ళే మనవడున్నాడు, చూశావుగా. ఆ వ్యాసం ఎప్పుడో అతని కంటపడుతుంది. నువ్వు నోరు విప్పితే ఆవిడ మళ్ళీ చావిట్లోకి పోవాలి." అని, మళ్ళీ, "అయినా ఒక్క మనిషిని చూసి ఆయుష్షు గురించి ఏం చెప్పగలం? ఏమీ చెప్పలేం. ఆ సంగతి అప్పుడు గుర్తురాలేదు నాకు" అన్నారు.

అక్క ఇంకొన్నేళ్ళు బతికింది, ఇంట్లోనే, వాళ్ళందరి మధ్యా. పోయినప్పుడు డాక్టరుగారి ద్వారా కబురు తెలిసి మేమిద్దరం వెళ్ళాం. మేడమ్ ఇంటి దగ్గరికి రాలేదు. ఊరి చివర, రోడ్డు మీద నిలబడ్డారు. ఆ దారినే తీసుకెళ్ళారు. నడవలేని పెద్ద తమ్ముడు ఇద్దరి భుజాల మీద చేతులేసి, నిప్పుకుండ ఇంకెవరికీ ఇవ్వకుండా తనే పట్టుకుని నడిచాడు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగాడు. మేడమ్ నమస్కారం పెట్టారు. రెండు చేతుల్లోనూ కుండ ఉంది కాబట్టి ఆయన తల ఊపి ముందుకెళ్ళాడు.

మేడమ్ లెక్చరర్‌గానే రిటైరయ్యారు. పాఠం ఎప్పటిలాగే బాగా చెప్పేవారు. ఒక్కటి మాత్రం మానేశారు. ఇంట్లోవాళ్ళ రక్తం గ్రూపులు అడిగి పట్టిక గీసుకు రమ్మని పిల్లలకి ఇచ్చే ప్రాక్టికల్ ఉండేది. అది చేయించేవారు కాదు. ప్రిన్సిపాల్ కారణమడిగితే, "ఒకళ్ళ రక్తం అడిగితే ఇంటిల్లిపాది సంగతీ చెప్పేస్తుందండీ. అది వినే హక్కు మనకుందో లేదో తేల్చుకున్నాక చేయిద్దాం" అన్నారు. పేపర్లో ఎక్కడైనా నూరేళ్ళ వృద్ధుడి ఫొటో కనపడితే ఆ పేజీ మడిచి పక్కన పెట్టేవారు. ఇంటికి ఎవరొచ్చి మంచినీళ్ళడిగినా, పోస్టుమాన్ అయినా, చెత్త ఊడ్చే మనిషైనా, లోపలికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టాకే గ్లాసు చేతికిచ్చేవారు. వాళ్ళు మొహమాటపడితే ఆవిడ కంగారుపడిపోయేవారు.

పోయిన చలికాలంలో చివరిసారి చూశాను. బాగా చిక్కిపోయారు. ఆవిడ వయసూ ఎనభై దాటింది. కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఏవో కబుర్లు చెప్పుకున్నాం. మధ్యలో ఉన్నట్టుండి అన్నారు.

"ఆవిడ అడిగింది చూడు, ముందు ఎందుకడిగావని. ఇన్నేళ్ళూ ఆలోచించాను. పరిశోధన కోసం అడిగానని ఒక ఏడాది అనుకున్నాను. నిజం తెలియాలి కదా అని ఇంకో ఏడాది అనుకున్నాను. ఏవీ కాదే. సంతోషంగా ఉండి అడిగాను. అంతే. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఆ సంతోషంలో ఎదురుగా ఉన్నది మనుషులని మర్చిపోయాను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మీ మాట వల్ల ఆ ముసలావిడ ఇంట్లోనే కన్నుమూసింది కదా మేడమ్ అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. దానికీ దీనికీ చెల్లు కాదన్నట్టు. తర్వాత కిటికీ తియ్యమన్నారు.

కింద కోచింగ్ సెంటర్ వదిలారు. ఆ ఇరుకు వీధి నిండా పిల్లలు, ఒకే రంగు బట్టల్లో, భుజాల మీద సంచులతో, అరుచుకుంటూ, తోసుకుంటూ. స్కూటర్లు హారన్లు కొడుతున్నాయి. ఆటోల్లో పట్టనంతమంది ఎక్కి, బయటికి కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు. మేడమ్ ఎండకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి చూస్తున్నారు. "ఎవరి పిల్లలో, ఎంతమందో!" అన్నారు నెమ్మదిగా. ఒక ఆటో వెనక సీట్లో ఒక పిల్ల వెనక్కి తిరిగి కూర్చుని, ఎవరికో తెలియదు, చెయ్యి ఊపుతోంది. మేడమ్ చెయ్యి కళ్ళ మీద నుంచి దిగి, తనూ కొంచెం ఊగి, ఆ ఆటో మలుపు తిరిగేదాకా గాలిలో అలాగే ఉండిపోయింది.